కొట్టివేతకూ ఒక చేవ్రాలు

బడి హాజరుపట్టీలో అంకె తప్పు పడితే గీకివేయరాదు. పాత అంకె కనబడేటట్లు దానిపై ఒక్క గీత గీసి, ప్రక్కన సరియైన అంకె వేసి, చేవ్రాలు పెట్టాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ప్రధానోపాధ్యాయులు నేర్పిన మొదటి పాఠమిది. "తప్పు పడితే పడనీండి పంతులుగారూ, బ్లేడు మాత్రం పట్టకండి" అనేవారు.

ముప్పయ్యేళ్ళకు పైగా ఆ నియమం పాటించాను. పదవీ విరమణ చేసిన తర్వాత, తెలుగు వికీపీడియాలో ఒకనాడు తప్పాను. మనలో అక్కడ వ్రాసేవారు చాలామంది ఉన్నారు గనుక దాచకుండా చెబుతున్నాను.

నా పూర్వవిద్యార్థి ఒకడు ఒక కర్మాగారంలో అధికారి. ఫోను చేసి, "మాష్టారూ, మా కంపెనీ పేజీలో వ్యర్థజలాల గురించి ఒక వాక్యం ఉంది. మీరు వికీలో రాస్తారు కదా, కాస్త తీసెయ్యండి" అన్నాడు. వాడంటే నాకు వాత్సల్యం. ఆ వాక్యానికి వార్తాపత్రిక ఆధారం ఉన్నదని చూస్తూనే, "అనవసరం" అని కారణం వ్రాసి తొలగించాను. గంట గడవకముందే మరొక సభ్యుడు దానిని తిరిగి నిలిపి, "ఆధారమున్న వాక్యాన్ని ఎందుకు తొలగించారు?" అని నా చర్చాపుటలో అడిగాడు. నాకు జవాబు తోచలేదు.

ఆ సిగ్గుతోనే పెద్ద సంస్థల కథలు వెదకి చదివాను. 2005 నవంబరులో, అమెరికాలో ఓటింగు యంత్రాలు తయారుచేసే డీబోల్డ్ సంస్థకు చెందిన ఐపీ చిరునామా నుండి ఎవరో, ఆంగ్ల వికీపీడియాలో ఆ యంత్రాల భద్రతపై ఉన్న విమర్శల పేరాలను మొత్తంగా తుడిచివేశారు. అవి త్వరలోనే యథాస్థానానికి వచ్చాయి. అదే ఏడాది వాల్‌మార్ట్ చిరునామా నుండి మరొక దిద్దుబాటు జరిగింది. అక్కడి వేతనాలు ఇతర దుకాణాలకన్న తక్కువ అన్న వాక్యం, ప్రభుత్వ కనీస వేతనానికి దాదాపు రెట్టింపు అని మారింది. ఉపమేయం అదే, ఉపమానం మార్చారు! అలంకారశాస్త్రం చదువకుండానే ఎంత నేర్పు!

2007 ఆగస్టులో వర్జిల్ గ్రిఫిత్ అనే విద్యార్థి వికీస్కానర్ అనే ఉపకరణంతో ఇవన్నీ బయటపెట్టాడు. అతడు ఏ రహస్యపత్రాన్నీ దొంగిలించలేదు. సభ్యనామం లేకుండా దిద్దినవారి ఐపీ చిరునామా అప్పట్లో పుట చరిత్రలో అందరికీ కనబడేది. ఆ చిరునామాలు ఏ సంస్థలవో తెలిపే పట్టికతో వాటిని జోడించాడు, అంతే. అయితే చిరునామా కార్యాలయాన్ని చూపగలదే గాని, దిద్దినవాడు యజమాని ఆజ్ఞతో దిద్దాడో, తనంతట తానే దిద్దాడో చెప్పలేదు.

తాళపత్రప్రతులతో కుస్తీపట్టిన మా పండితులకు ఈ సౌకర్యం ఏదీ? పది ప్రతులు ముందు వేసుకొని, ఏ పద్యం ప్రక్షిప్తమో ఊహించవలసిందే. వికీలో ప్రక్షిప్తానికి తేదీ, గంట, నిమిషం కూడా ఉన్నాయి. తొలగించిన వాక్యం చరిత్రలో భద్రంగా ఉంటుంది, తొలగించినవాని గుర్తుతో సహా.

సంస్థల పక్షాన చెప్పవలసినదీ ఉన్నది. 2005లో పాత్రికేయుడు జాన్ సీగెంథాలర్‌కు కెనడీ హత్యతో సంబంధం అంటగట్టిన అబద్ధం ఆయన పుటలో నాలుగు నెలలు నిలిచింది. వ్యక్తికి జరిగినది వ్యాపారానికీ జరగవచ్చు. అందుకు దారి చర్చాపుట. తానెవరో చెప్పుకొని, ఆధారం చూపి, దిద్దమని అడగవచ్చు. డబ్బు పుచ్చుకొని వ్రాసేవారు ఆ సంగతి వెల్లడించాలని 2014 జూన్‌లో వికీమీడియా ఫౌండేషన్ నిబంధనలలో చేర్చింది. వెల్లడించనివారూ లేకపోలేదు. అయినా వారి కొట్టివేతలూ చరిత్రలో నమోదవుతూనే ఉంటాయి.

చివరకు నేనూ చర్చాపుటలో జవాబు వ్రాశాను: "ఆ సంస్థలో పనిచేసే పరిచయస్థులు కోరగా తొలగించాను. తప్పు నాది." మావాడికి ఫోను చేసి, "నీటిని శుద్ధి చేస్తున్నట్లయితే ఆధారం పంపు నాయనా, క్రింద ఇంకొక వాక్యం చేర్చమని నేనే అడుగుతాను" అన్నాను. చూస్తానన్నాడు.

ఏటా సంక్రాంతికి వచ్చి కాళ్ళకు మ్రొక్కి వెళ్ళేవాడు. ఈ ఏడు రాలేదు.