గాలికి ఎదురు పాట

హార్లీ-డేవిడ్సన్ స్ట్రీట్ గ్లైడ్ ముందు కనిపించే ఫెయిరింగ్ రెక్కలు విప్పిన గబ్బిలంలా ఉంటుంది. దాని పేరు కూడా బ్యాట్‌వింగే. స్పీకర్లు అందులో నడిపేవారి వైపు తిరిగి ఉంటాయి. బండి సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు అవి చక్కగా పాడతాయి. హైవే మీద వేగం వంద దాటిందా, గాయకుడి గొంతు సన్నగా మిగులుతుంది, డప్పు మాయమవుతుంది.

కారణం ఇంజిన్ కాదు, గాలి. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో హెల్మెట్ లోపల గాలి హోరు 90 డెసిబెల్స్ దాటుతుంది. ఆ హోరులో ఎక్కువ భాగం మంద్రస్థాయిదే కాబట్టి ముందుగా మునిగేది బేస్. అందుకని వాల్యూమ్ పెంచితే కంపెనీ ఆంప్లిఫయర్ శక్తి చాలక శబ్దాన్ని చీలుస్తుంది, ఒక్కోసారి ట్వీటర్ కాయిల్ కాలిపోతుంది. 2014 మోడల్ నుంచి వచ్చిన చాలా హార్లీ టూరింగ్ బళ్లలో ఇంకో తిరకాసు ఉంది. వాల్యూమ్ పెరిగేకొద్దీ అసలు స్పీకర్లు దెబ్బతినకుండా రేడియోనే బేస్ తగ్గించేస్తుంది. ఆ సెట్టింగ్‌ను డీలర్ చేత మార్పించకుండా ఎంత ఖరీదైన స్పీకర్ బిగించినా సగం డబ్బు గాలిపాలే.

స్పీకర్ కొనేవాళ్లు అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్లు చూస్తారు. చూడాల్సింది సెన్సిటివిటీ, అంటే ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయన్న లెక్క. మూడు డెసిబెల్స్ పెరగాలంటే శక్తి రెట్టింపు కావాలి. అంటే 87 డెసిబెల్స్ స్పీకర్‌కు 200 వాట్లు పోస్తే వచ్చే శబ్దం 93 డెసిబెల్స్ స్పీకర్‌కు 50 వాట్లతోనే వస్తుంది. పెళ్లి బరాత్‌లో మోగే పెట్టెల్లో ఉండేవి ఈ రెండో జాతివే. వాటికి లోతైన బేస్ రాదు. ఫెయిరింగ్‌లో అది ఎలాగూ నిలవదు కాబట్టి నష్టమేమీ లేదు. వానకు తడిసే చోటు కనుక పూత లేని కాగితపు కోన్ మాత్రం పనికిరాదు.

ఆంప్లిఫయర్ క్లాస్-డి రకమైతే చిన్నగా ఉంటుంది, తక్కువ వేడెక్కుతుంది. అయినా 400 వాట్ల ఆంప్ పూర్తి బలంతో మోగితే దాదాపు 36 ఆంపియర్లు లాగుతుంది. రేడియో వైరు దానికి చాలదు, బ్యాటరీ నుంచి లావుపాటి వైరు నేరుగా వేయాలి. ఫ్యూజ్ బ్యాటరీ పక్కనే ఉండాలి, ఆంప్ పక్కన కాదు. మధ్యలో ఎక్కడ వైరు ఒరుసుకుపోయినా అప్పుడే రక్షణ.

ఒరుసుకునే చోటు ఎక్కడో ముందే తెలుసు. బ్యాట్‌వింగ్ హ్యాండిల్‌తో పాటు తిరుగుతుంది. వైర్లు బిగించాక హ్యాండిల్‌ను కుడికి, ఎడమకు చివరిదాకా తిప్పి చూడాలి. ఎక్కడైనా బిగుసుకుంటే వదులు చాలలేదన్నమాట. ఇంజిన్ వేగంతో పాటు కీచుమనే సన్నని రాగం పెరుగుతుంటే మొదట అనుమానించాల్సింది ఎర్త్ కనెక్షన్‌ని.

ఇవన్నీ చేసేముందు విండ్‌షీల్డ్ మార్చి చూడటం చవక. గాలి తల మీదుగా వెళ్లిపోతే పాత స్పీకర్లే కొత్తగా వినిపించవచ్చు. చెవిలెక్క కూడా ఒకటుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 85 డెసిబెల్స్‌కు రోజుకు ఎనిమిది గంటలు హద్దు పెట్టింది. ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర అది పదిహేను నిమిషాలు. డాలస్ నుంచి ఆస్టిన్‌కు బండి మీద మూడు గంటల దారి.