ఇద్దరికీ ఎంత దూరం?

ఇంటర్ మొదటి సంవత్సరం గణితం 1-బిలో మొదటి పాఠం బిందుపథం. సరళరేఖల కంటే ముందొచ్చే చిన్న పాఠం. దూరం సూత్రం రాసి, రెండు వైపులా వర్గం చేసి, సమీకరణం తేల్చేసి ముందుకెళ్లిపోతాం. నాకది నిజంగా అర్థమైంది మాత్రం మేం అద్దె ఇల్లు వెతుక్కునే రోజుల్లో.

తెలుగులో 'పథం' అన్నారు కాబట్టి బిందువు ఎక్కడికో నడిచిపోతున్నట్టు అనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో వాడే 'లోకస్' లాటిన్ మాట, దానర్థం చోటు. ఇల్లు వెతికేవాళ్లకి ఈ అర్థమే దగ్గర. ఒక నియమం చెప్తే, దాన్ని పాటించే చోట్లన్నీ కలిసి ఒక ఆకారం అవుతాయి. పాటించే చోటు ఒక్కటీ తప్పిపోకూడదు, పాటించనిది ఒక్కటీ చేరకూడదు.

నా ఆఫీసు సైబర్ టవర్స్ దగ్గర. మా ఆయనది నానక్‌రామ్‌గూడ. ఇద్దరికీ సమాన దూరం కావాలంటే ఆ రెండు చోట్లనీ కలిపే గీతని మధ్యలో లంబంగా కోసే రేఖ గీయాలి. మ్యాప్ మీద గీశాను. ఒక కొస ఖాజాగూడ వైపు దిగింది, ఇంకో కొస సెంట్రల్ యూనివర్సిటీ చెట్ల వైపు పోయింది. ఆ చెట్లకి ఎవరూ టులెట్ బోర్డు కట్టరు. రేఖకి ఆ పట్టింపు లేదు, నియమం కుదిరితే చాలు.

"సమానం ఎందుకు? ఇద్దరిదీ కలిపి 10 కిలోమీటర్లు దాటకపోతే చాలదా?" అన్నాడు మా ఆయన.

మొత్తం సరిగ్గా 10 వచ్చే చోట్లన్నీ కలిస్తే దీర్ఘవృత్తం. రెండు మేకులు కొట్టి, వదులుగా దారం కట్టి, పెన్సిల్‌తో బిగించి తిప్పితే వచ్చే ఆకారం. మేకులు మా ఆఫీసులు. ఆ గీత మీద ఎక్కడున్నా పెట్రోలు లెక్క ఒకటే. కానీ దాని ఒక చివర ఇల్లు తీసుకుంటే ఒకరికి 2 కిలోమీటర్ల పైచిలుకు, ఇంకొకరికి 8కి దగ్గర. ఎవరు మోస్తున్నారన్నది మొత్తంలో కనపడదు.

పైగా పాపని పొద్దున డే కేర్‌లో దింపేదీ, సాయంత్రం వాళ్లు తలుపులు మూసేలోపు పరిగెత్తేదీ నేను. అప్పుడు సమాన దూరం కూడా సమానం కాదు.

"నీ దూరంలో సగమే నాకుండాలి," అన్నాను.

ఈ నియమానికి రేఖ రాదు, వృత్తం వస్తుంది. దానికి క్రీ.పూ. 3వ శతాబ్దపు గ్రీకు గణితజ్ఞుడు అపొలోనియస్ పేరుంది. దూరాల నిష్పత్తి ఒకటైతే నిటారుగా ఉండే రేఖ, రెండు కాగానే వంగి నా ఆఫీసుని చుట్టేసింది. మ్యాప్ మీద ఆ గీత దుర్గం చెరువు పక్క నుంచి, కొండాపూర్ అవతల నుంచి తిరిగింది.

నిజమే, రోడ్లు సరళరేఖలు కావు. బయోడైవర్సిటీ జంక్షన్‌లో పొద్దున తొమ్మిదింటికి కిలోమీటర్లు కాదు, నిమిషాలు లెక్క. నిమిషాలతో గీస్తే ఈ ఆకారాలన్నీ సొట్టలు పోతాయి. అయినా ముందు తేలాల్సింది నియమమే. బిందువులు రెండూ అవే. ఏది న్యాయం అంటామో దాన్ని బట్టి రేఖో, దీర్ఘవృత్తమో, వృత్తమో వస్తుంది.

ఆయన మ్యాప్ వంక చాలాసేపు చూశాడు.

"పాపని నేను దింపి తీసుకొస్తే?"

"వృత్తం నీ ఆఫీసు చుట్టూ తిరుగుతుంది."

"రోజు విడిచి రోజైతే?"

"మళ్లీ సరళరేఖ."

ఇల్లు ఖాజాగూడలో దొరికింది. పాపకి సోమ, బుధ, శుక్రవారాలు వాళ్ల నాన్న వంతు.