బిరుసు మీట

పెయింట్‌బాల్ ఆడేవాళ్ళు తమ చేతిలో ఉన్నదాన్ని తుపాకీ అనరు, మార్కర్ అంటారు. సాహిత్యం చదువుకున్నదాన్ని కనుక నా ధ్యాస ముందు ఆ మాట మీదికే పోయింది. అసలు సంగతిని మెత్తబరచడానికి పెట్టిన పేరులా వినిపిస్తుంది గాని దాని వెనక ఒక చరిత్ర ఉంది. అమెరికాలో నెల్సన్ అనే రంగుల కంపెనీ, అడవిలో కొట్టాల్సిన చెట్లకీ మందలోని పశువులకీ దూరం నుంచే గుర్తు వేయడానికి రంగు గోళీలు విసిరే పిస్తోలును 1970ల్లో అమ్మింది. ఆ పనిముట్టుతోనే 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్ అడవిలో పన్నెండుమంది మగవాళ్ళు మొదటిసారి ఆట ఆడారు. గెలిచినవాడు రిచీ వైట్ అనే ఫారెస్టర్. ఒక్క గోళీ కూడా పేల్చకుండా, చెట్ల చాటున నడిచి జెండాలన్నీ తెచ్చుకున్నాడు. ఈ ఆట గురించి మాట్లాడేవాళ్ళకి వేగం, బలం, మగతనం గుర్తొచ్చినంతగా ఈ సంగతి గుర్తు రాదెందుకో.

నాకు తుపాకులంటే ఇష్టం లేదు. బడుల్లో, బజార్లలో కాల్పుల వార్తలు మామూలైపోయిన దేశంలో, ఎదురుగా ఉన్న మనిషికి గురిపెట్టే ఆటని సమర్థించడానికి ఇది రాయడం లేదు. ఆ చర్చ చెయ్యవలసిందే, ఇంకోసారి చేద్దాం. ఇప్పుడు చెప్పబోయేది మా అక్క కూతురి గురించి. పదిహేనేళ్ళ పిల్ల, న్యూజెర్సీలో పుట్టి పెరిగింది. రెండేళ్ళుగా ఇష్టంగా ఆడుతున్న ఆట మానేస్తానంది. మానడానికి అది చెప్పిన కారణం హింస కాదు. "నా వేళ్ళకి బలం లేదు పిన్నీ" అంది.

ఆ మాట దానిది కాదని వినగానే అర్థమైంది. ఆటస్థలంలో పెద్దమనిషి ఒకాయన "ఆడపిల్లలకి అది కొంచెం గట్టిగానే ఉంటుంది" అన్నాడట. జట్టులో అబ్బాయిలు, బ్యాటరీతో పనిచేసే, వేలు ఆనిస్తే చాలు పేలే ఖరీదైన మార్కర్ కొనుక్కోమన్నారట. మా బావ మంచివాడే, పిసకడానికి రబ్బరు బంతి ఒకటి కొనిపెట్టాడు. అందరూ పిల్ల వేలినే పరీక్షించారు. మీటని ఎవరూ పరీక్షించలేదు.

సెలవులకి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నేను నొక్కి చూశాను. అది బరువు కాదు. బరువైన మీట మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా ఎదురు తోస్తుంది. ఇది కొంత దూరం తేలిగ్గా వచ్చి, చటుక్కున పట్టుకుని, ఇసక పడ్డ గడపలో తలుపు ఈడ్చినట్టు గరగరమని, ఆపైన ఒక్కసారిగా వదిలేస్తోంది. ఆ వదిలే క్షణంలో చెయ్యి అదిరి గురి తప్పుతుంది. ఎంత బలమున్న వేలికైనా ఇదే జరుగుతుంది. కాకపోతే అబ్బాయి గురి తప్పితే మార్కర్ బాగాలేదంటారు.

ఈ తేడా నాకు తెలిసింది అమ్మ కుట్టుమిషన్ దగ్గర. తెనాలిలో మా ఫీజులు సగం ఆ మిషన్ మీదే కట్టింది అమ్మ. తొక్కుడు బరువెక్కితే కాళ్ళని తిట్టుకునేది కాదు. షటిల్ విప్పి, ఇరుక్కున్న దారప్పోగుల్ని పిన్నీసుతో లాగి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ చెవి ఒగ్గి వినేది. "ఇదిగో, ఇక్కడ పట్టుకుంటోంది" అనేది. ఆమెని మెకానిక్ అని ఎవరూ అనలేదు. జనాభా లెక్కల కాగితంలో ఆమె గృహిణి.

మార్కర్ విప్పే ముందు చెయ్యవలసినవి కొన్ని ఉన్నాయి, వాటిలో తొందర పనికిరాదు. గోళీల డబ్బా తీసెయ్యాలి. గ్యాస్ సిలిండర్ విప్పాలి. విప్పాక కూడా లోపల కొంత గ్యాస్ మిగిలి ఉంటుంది, కళ్ళద్దాలు పెట్టుకుని, మనుషులు లేని వైపు తిప్పి పేల్చి దాన్ని ఖాళీ చెయ్యాలి. బోల్ట్ వెనక్కి లాగి ఉంటే ముందుకి వదలాలి, దాని వెనక బలమైన స్ప్రింగ్ ఉంటుంది. అప్పుడు అలెన్ కీతో మరలు తీస్తే, పుస్తకం తెరిచినట్టు పక్క చెక్క విడివడుతుంది. తియ్యకముందే ప్రతి దశలో ఫోటో తీసుకోమని పిల్లకి చెప్పాను.

లోపల ఉన్నది చాలా సాదా యంత్రం. వెనక్కి లాగిన బోల్ట్‌ని ఒక కొక్కెం పట్టి ఆపుతుంది. దాన్ని సియర్ అంటారు. మీట నొక్కితే సియర్ ఒక కొస పైకి లేచి, రెండో కొస కిందికి దిగి బోల్ట్‌ని వదిలేస్తుంది. బోల్ట్ ముందుకి దూకి వాల్వ్‌ని కొడుతుంది. బయటికొచ్చిన గ్యాస్ కొంత గోళీని ముందుకి తోస్తుంది, కొంత బోల్ట్‌ని మళ్ళీ వెనక్కి తోసి కొక్కేనికి తగిలిస్తుంది. ఇంత హడావిడీ, మందు క్యాప్సూల్ లాంటి జెలటిన్ తొడుగులో ఉన్న కాస్త రంగు కోసం.

మీట పక్క భాగం మీద గీతలు పడి మెరుస్తున్నాయి, గోడకి రాసుకుంటోందన్న మాట. సియర్‌ని తోసే చోట అంచున చిన్న ముల్లు మిగిలిపోయి ఉంది. గోరుతో రాస్తే తెలిసేటంత. కార్ఖానాలో ఎవరూ దాన్ని అరగదీయలేదు. పిల్ల గోరు పెట్టి చూసి, "ఇదా!" అంది. ఆ గొంతులో కోపం విని నాకు సంతోషమేసింది.

గాజు పలక మీద వెయ్యి నంబరు నీటి కాగితం పరిచి, తడిపి, మీటని ఒకే వైపుకి రుద్దాం. తర్వాత రెండు వేల నంబరు. చివర గుడ్డకి మెటల్ పాలిష్ అద్ది మెరుగు పెట్టాం. ఆకారం మార్చకూడదు, గరుకు పోతే చాలు. ఉత్సాహంలో సియర్ కొసని కూడా అందుకోబోయింది పిల్ల, ఆపాను. బోల్ట్‌ని పట్టుకునే ఆ అంచు పదునుగానే ఉండాలి. గుండ్రబడితే పట్టు జారుతుంది, మీట నొక్కకుండానే మార్కర్ దానంతటది పేలుతూ పోవచ్చు. నునుపు చెయ్యడమంటే అన్నిచోట్లా చెయ్యడం కాదు. "ఒదిగి ఉండు" అన్న సలహా జీవితమంతా విన్న మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

"పీహెచ్‌డీ చేసి ఇదేం పని నీకు, షాపుకిస్తే వాళ్ళే చేస్తారుగా" అని బావ నవ్వాడు. నేను ఆలోచిస్తున్నది మల్లు స్వరాజ్యం గురించి. ఆమె ఆత్మకథకి 'నా మాటే తుపాకీ తూటా' అని పేరు. నిజంగా తుపాకీ పట్టి దళాన్ని నడిపిన మనిషి కనుక ఆమెకది ఉత్త ఉపమానం కాదు. తరగతి గదుల్లో మనం వాడే తుపాకీ ఉపమానమే. దానికి నూనె వెయ్యక్కర్లేదు, లోపల ఏ ముక్క ఎక్కడ రాసుకుంటుందో తెలియక్కర్లేదు. బావకి ఇదంతా చెప్పలేదు, టార్చ్‌లైట్ పట్టుకోమన్నాను.

బిగించడం పిల్లే చేసింది. స్ప్రింగ్ రెండుసార్లు ఎగిరి సోఫా కిందికి పోయింది. ఫోటోలు చూసుకుంటూ, సొంతంగా తిట్లు కల్పించుకుంటూ ముక్కలన్నీ కూర్చింది. గ్యాస్ లేకుండా బోల్ట్‌ని చేత్తో లాగి నొక్కి చూసింది. స్ప్రింగ్ బరువు అంతే ఉంది, గరగర పోయింది. ఇరవైసార్లు నొక్కి ఉంటుంది.

ఆ శనివారం దాని జట్టు ఓడిపోయింది. అలెన్ కీలు మాత్రం సంచిలోనే ఉంచుకుంటోంది. నేను నా ఊరికి తిరిగొచ్చిన పది రోజులకి ఫోన్‌లో ఒక ఫోటో వచ్చింది. దానితో ఆడే ఇంకో అమ్మాయి మార్కర్ లోపలిది. ముల్లు లేదు గాని మీట స్ప్రింగ్ ఒక పక్కకి వంగి గోడని గీస్తోంది. కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "పిన్నీ, ఇది ఇలాగే ఉండాలా?"