తప్పుల ఖాతా

మా బీటెక్ సిలబస్‌లో వాట్స్ హంఫ్రీ అంటే రెండు మార్కుల ప్రశ్న. ఐబీఎంలో చాలా ఏళ్లు చేసి, 1986లో కార్నెగీ మెలన్‌లోని సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లినాయన. పెద్ద సంస్థలకు చెప్పే క్రమశిక్షణ ఒంటరి ప్రోగ్రామర్‌కి పనికొస్తుందా అని తన సొంత ప్రోగ్రాముల మీదే పరీక్షించి చూసి, దానికి పర్సనల్ సాఫ్ట్‌వేర్ ప్రాసెస్ అని పేరు పెట్టాడు. 1997లో విద్యార్థుల కోసమే ఒక చిన్న పుస్తకం రాశాడు. లైబ్రరీలో అది నా చేతికి చిక్కాక, హాస్టల్ గదిలో లాంగ్ నోటుబుక్కులో రెండు ఖాతాలకి గడులు గీశాను.

మొదటిది టైం ఖాతా. ఎప్పుడు కూర్చున్నాం, ఎప్పుడు లేచాం, మధ్యలో అంతరాయం ఎంత, నికరంగా పనిచేసింది ఎన్ని నిమిషాలు. 9.10కి మొదలు, 10.40కి ఆఖరు, అంతరాయం 35, నికరం 55. ఆ 35లో టీ ఉంది, "మామా, రికార్డు ఇటివ్వు, రాసుకుని ఇచ్చేస్తా" ఉంది. రాత్రంతా కోడింగ్ చేశానని గొప్పలు చెప్పుకునేవాడు ఎవడైనా సరే, ఒక్క వారం ఆ అంతరాయం గడి నింపితే చాలు, నోరు మూతపడుతుంది.

రెండోది తప్పుల ఖాతా. అసలు సరుకు ఇక్కడుంది. ప్రతి తప్పుకీ ఒక వరస: ఏ రకం, ఏ దశలో దూరింది, ఏ దశలో దొరికింది, సరిచేయడానికి ఎన్ని నిమిషాలు. రకాలకు 10 నుంచి 100 దాకా నంబర్లు. సెమీకోలన్ మరిచిపోతే 20, లూప్ లెక్క తప్పితే 80. నెలాఖరుకి కూడితే నా పుస్తకంలో 20లు కుప్పలు, 80లు కాసిని. నిమిషాలు కూడితే సీను తిరగబడింది. సెమీకోలన్ సంగతి కంపైలరే చెప్పేస్తుంది. పది గదుల ఎర్రేలో లూప్ పదకొండో గదిలోకి అడుగుపెడితే సీ భాష కిక్కురుమనదు. ఎక్కడో దూరంగా, వేరే వేరియబుల్‌లో చెత్త అంకె కనపడుతుంది, మనం అక్కడే తవ్వుతూ కూర్చుంటాం.

అందుకే కంపైల్ చేయకముందే కోడ్ చదవమంటాడు హంఫ్రీ. చదవడానికి నా చెక్‌లిస్టు నా తప్పుల ఖాతా నుంచే వచ్చింది: లూప్ హద్దులు, స్కాన్‌ఎఫ్‌లో అడ్రస్ గుర్తు, తెరిచిన ఫైలు మూశానా లేదా. "కంపైలర్ ఊరికే ఉండగా కళ్లు పాడుచేసుకోవడం దేనికి?" అని ల్యాబ్‌లో నవ్వేవాళ్లు. లూప్ ఎక్కడ ఆగాలో కంపైలర్‌కేం తెలుసు!

ఆయన చెప్పిన ఫారాలన్నీ నింపాలంటే గుమాస్తాని పెట్టుకోవాలి. లైన్ల లెక్కన పని కొలవడం నాకెప్పుడూ రుచించలేదు, ఆ లెక్కతో వేసే అంచనాల పద్ధతి వదిలేశాను. ఈ రెండు ఖాతాలు మాత్రం ఉద్యోగంలోకి నాతోనే వచ్చాయి. ఇప్పుడు ఎడిటరే ఎర్రగీత గీస్తుంది కాబట్టి 20లు దాదాపు లేవు. కుర్రాళ్లు ఏఐతో రాయించి తెచ్చే కోడ్‌లోనూ నేను వెతికేది 80లనే.

"ఇదెన్ని గంటల పని?" అని మేనేజర్ అడిగితే పాత వరసలు తిరగేసి చెబుతాను. రోజూ పొద్దున జరిగే స్టాండప్ మీటింగుని పనిలో వేయాలో అంతరాయంలో వేయాలో మాత్రం ఇంకా తేల్చుకోలేదు.