విప్పి ఉంచిన నోటుపుస్తకం

పాండిత్యం వ్యక్తి సొత్తా, సమాజం సొత్తా? గ్రంథం అచ్చయితే అది ప్రజలదే కదా అని చాలామంది ఈ ప్రశ్నను తేల్చివేస్తారు. మరి ఆ గ్రంథం వెనుకనున్న చీటీలు, సందేహాలు, కొట్టివేతలు ఎవరివి? అవి బీరువాలో పుట్టి బీరువాలోనే చెదల పాలవుతున్నాయి.

1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో ప్రకటించింది. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. శ్రమజీవి మాటకు శాస్త్ర గౌరవం కల్పించిన కృషి అది. ఆ బాటలోనే నేను గోదావరిఖనిలో బొగ్గుబాయి మాటలు సేకరిస్తున్నాను. ఇందులో ఆలస్యానికి తావులేదు. నేడు సింగరేణి తవ్వే బొగ్గులో అధికభాగం ఓపెన్‌కాస్టు గనులది. పైకప్పును కర్రతో తట్టి, గట్టి మోత ఏదో డొల్ల మోత ఏదో చెవితో పోల్చుకున్న సర్దారు వెళ్ళిపోతే, ఆ అనుభవానికి పెట్టుకున్న మాటలు కూడా అతనితోనే వెళ్ళిపోతాయి.

అంచేత నా నోట్సు పూర్తయ్యేదాకా దాచకుండా అంతర్జాలంలో అందరికీ విప్పి ఉంచాను. ప్రతి మాట పక్కన విన్న తేదీ, గని, ‘తేలింది’ లేక ‘తేలలేదు’ అన్న గుర్తు ఉంటాయి. అర్థం పెరిగినప్పుడు పాతదాన్ని చెరిపివేయకుండా కిందనే ఉంచుతాను. ‘తట్టా చెమ్మస్’ అంటే బొగ్గు ఎత్తే తట్ట, పార అని రాసి, ‘తేలలేదు’ అని గుర్తు పెట్టాను. రిటైరైన ఒక కార్మికునికి కొడుకు ఆ పుటను ఫోనులో చదివి వినిపించాడట. “అది పనిముట్ల పేరే కాదు సారూ, మా పని పేరు” అని ఆయన చెప్పి పంపాడు. యంత్రాలు రాకముందు చేతులతో టబ్బులు నింపిన ఒక తరం చరిత్ర ఆ ఒక్క వాక్యంతో నోట్సులో చేరింది.

పచ్చి సరుకు బజారులో పెడితే తప్పులు ప్రచారమవుతాయి, శ్రమను మరొకరు కాజేస్తారు అని తోటి అధ్యాపకులంటారు. ఉద్యోగోన్నతికి లెక్కకొచ్చేది అచ్చయిన వ్యాసమే గనక ఈ భయం ఉత్తది కాదు. కాని ‘తేలలేదు’ అన్న గుర్తు పాఠకుణ్ణి హెచ్చరిస్తుంది. ముందు రాసినదెవరో తేదీ చెబుతుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ప్రతి పుటకూ ‘చరిత్ర’ను జోడించి, ఏ మార్పు ఎప్పుడు జరిగిందో ఎవరైనా చూసుకోనిస్తుంది. ఆక్స్‌ఫర్డు నిఘంటువు కోసం 1879లో జేమ్స్ మర్రే సామాన్య పాఠకులను కూడా చీటీలు రాసి పంపమని కోరాడు. చీటీలు జనం పంపినా తీర్పు సంపాదకులదే. విప్పి ఉంచిన నోట్సులో ఆ తీర్పు కూడా జనం కళ్ళముందే జరుగుతుంది.

కాజేయడం గురించి మాట్లాడేవారు ఒకటి ఆలోచించాలి. ఈ మాటలు నావి కావు. భూమి అడుగున చీకట్లో పనిచేస్తూ కార్మికులు చేసుకున్నవి. వారి దగ్గర తీసుకున్నదాన్ని వారు చూడగలిగేచోట, దిద్దగలిగేచోట ఉంచడం మన బాధ్యత. కోశం అచ్చయ్యేదాకా ఆగుదామంటే, అప్పటికి దిద్దేవారిలో ఎందరు మిగులుతారు?