ఓడినవాడు ఒప్పుకొనే లెక్క

ఒట్టపిడారం వ.ఉ. చిదంబరం పిళ్లైగారు పుట్టిన ఊరు. దాని చుట్టుపట్ల నల్లరేగడి పల్లెలలో ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. అటువంటి ఒక పల్లెలో 2016 మే 19వ తేదీన ఒక ముసలి రైతు ఎన్నికల ఫలితాలు వింటూ కూర్చున్నాడు. ఒట్టపిడారం శాసనసభ స్థానంలో ఆయన ఓటు వేసిన అభ్యర్థి ఓడిపోయాడు. తేడా 493 ఓట్లు మాత్రమే.

“మళ్లీ లెక్కపెట్టమని అడగరాదా, తాతా?” అన్నాడు మనుమడు.

“చీటీలైతే ఒక్కొక్కటీ విప్పి చూడవచ్చు నాయనా. యంత్రాన్ని ఎన్నిసార్లు అడిగినా అదే అంకె చెబుతుంది” అన్నాడు తాత.

యంత్రం మోసం చేసిందని ఆయన అనలేదు. అది నిజం చెప్పిందని తెలుసుకొనే దారి తనకు లేదని మాత్రమే అన్నాడు.

తాత పడుచుతనంలో కాగితంపై ముద్ర వేసి, మడిచి, పెట్టెలో వేసేవారు. ఆ పద్ధతిలోనూ లోపాలుండేవి. ముద్ర సరిగా పడకపోతే ఓటు చెల్లదు. దుండగులు పెట్టెలను ఎత్తుకుపోయిన సందర్భాలూ ఉన్నాయి. 1982లో కేరళలోని పరవూరులో 50 పోలింగు కేంద్రాలలో మొదటిసారి యంత్రాలు వాడారు. చట్టంలో వాటికి చోటు లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ పోలింగును కొట్టివేసింది. 1988లో చట్టాన్ని సవరించారు. 2001 శాసనసభ ఎన్నికలలో తమిళనాడు అంతటా యంత్రాలే వచ్చాయి. లెక్కింపు సులువైంది; కాని కంటికి కనిపించే చీటీ పోయింది. ఆ లోటు తీర్చడానికి 2013లో నాగాలాండులో చీటీ చూపే యంత్రాన్ని మొదట జతచేశారు.

2019 మే 19న ఒట్టపిడారంలో ఉప ఎన్నిక జరిగింది. తాత మీట నొక్కాడు. అద్దం వెనుక ఒక చీటీ 7 సెకన్లు కనిపించి పెట్టెలో పడింది.

“చీటీ చూశాను. దాన్ని లెక్కపెడతారా?” అని ఇంటికి రాగానే అడిగాడు.

“ఒక్కొక్క శాసనసభ స్థానంలో 5 కేంద్రాల చీటీలను లెక్కించి, యంత్రం చూపిన అంకెతో సరిచూడాలని సుప్రీంకోర్టు చెప్పింది తాతా. ఆ 5 కేంద్రాలు ఏవో చీట్లు వేసి తీస్తారు.”

తాత కాసేపు ఆలోచించాడు. “ఏ కేంద్రం వస్తుందో ముందుగా ఎవరికీ తెలియదన్నమాట. అది మంచిదే” అన్నాడు.

అయితే కాగితం ఉన్నంత మాత్రాన తగవు తీరదు. 2016లోనే తిరునెల్వేలి జిల్లా రాధాపురంలో తేడా 49 ఓట్లు. అక్కడ తగవు ముఖ్యంగా తపాలా ఓట్లపైనే. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2019 అక్టోబరులో మళ్లీ లెక్కించారు. కాని ఆ ఫలితం ప్రకటించకుండా సుప్రీంకోర్టు ఆపింది. 2024లో అదే న్యాయస్థానం మరొక దారి చూపింది. రెండవ, మూడవ స్థానాలలో నిలిచినవారు ఖర్చు చెల్లించి 5 శాతం యంత్రాలను తనిఖీ చేయమని కోరవచ్చు.

గెలిచినవాడు ఏ లెక్కనైనా నమ్ముతాడు. ఓడినవాడు సరిచూసుకొని ఒప్పుకొన్నదే న్యాయమైన లెక్క.