తగలని కాలు

బత్తలపల్లెలో ఎర్రమట్టి గ్రౌండు. ఆఖరి నిమిషాలు, స్కోరు 1-1. బంతి నా అదుపు తప్పింది. అడ్డమొచ్చిన పిల్లోడి కాలు నాకు తగల్లేదు. అయినా పడిపోయి మోకాలు పట్టుకున్నా. పెనాల్టీ ఇచ్చారు. గెలిచాం.

"నా కాలు తగల్లేదు కదన్నా" అన్నాడు వాడు. రిఫరీతో కాదు, నాతో.

ఆధిక్యంలో ఉన్నప్పుడు త్రో-ఇన్‌కి తీరిగ్గా నడిచిపోవడం ఎత్తుగడే. రిఫరీ చూస్తూనే ఉంటాడు, కార్డు తీయగలడు. 2010 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో ఘనాకి దక్కాల్సిన గోల్‌ని సువారెజ్ గీత మీద చేత్తో ఆపాడు. అందరి ముందే. రెడ్ కార్డు తిన్నాడు. ఘనా పెనాల్టీని గ్యాన్ బార్‌కి కొట్టాడు. 1986లో మారడోనా చేత్తోనే గోల్ వేశాడు. రిఫరీ కనిపెట్టలేదు, గోల్ నిలిచింది.

ఇద్దరిదీ తప్పే. కానీ సువారెజ్ ఆ తప్పు ఖరీదు తనే కట్టాడు.

నా తప్పు ఖరీదు ఆ పిల్లోడు కట్టాడు.